వాసన లెక్క కట్టబోయే ముందు

విజయవాడ, సత్యనారాయణపురం

బుజ్జీ,

నిన్న ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. నీ ప్రాజెక్టులో మిర్చి వాసన ముక్కులో రిసెప్టర్‌ని, అంటే వాసన అణువుని పసిగట్టే ప్రొటీన్‌ని, ఎలా పట్టుకుంటుందో కంప్యూటర్‌లో చూపిస్తానన్నావు. గుంటూరు పిల్లవి, ఇంకేం ఎంచుకుంటావులే. కానీ యార్డు పక్కనుంచి ఆటోలో పోతుంటే తుమ్ములూ దగ్గూ ముంచుకొస్తాయి చూడు, అది వాసన కాదమ్మా, ఘాటు. మంట పుట్టించే కాప్సైసిన్ వెళ్ళి తగులుకునేది వాసన రిసెప్టర్‌కి కాదు. వేడిని, మంటను పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే అయాన్ ఛానెల్‌కి, అంటే ఆవేశమున్న కణాల్ని లోపలికి వదిలే ప్రొటీన్ ద్వారానికి. 1997లో దాన్ని పట్టుకున్నది డేవిడ్ జూలియస్ బృందం, 2021 నోబెల్‌లో ఆయనకు వాటా వచ్చింది అందుకే. వాసన రిసెప్టర్ల వంశం వేరు. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు. మనిషిలో పనిచేసేవి సుమారు 400. ఈ తేడా నీ గైడ్‌కి ముందే చెప్పెయ్, లేకపోతే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతావు.

మరి దేంతో మొదలెట్టాలంటావా? జవాబు తెలిసిన లెక్కతో. ఓఆర్51ఈ2 అనే రిసెప్టర్ తీసుకో. మనిషి వాసన రిసెప్టర్లలో ప్రయోగంతో ఆకృతి మొదట తేలింది దీనికే, గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసే క్రయో-ఈఎం పద్ధతిలో, 2023లో. లోపల ప్రోపియోనేట్ అణువు, అంటే హైడ్రోజన్ వదిలేసిన ప్రోపియోనిక్ ఆమ్లం, కూర్చుని ఉంటుంది. అణువు చిన్నది, అది ఇమిడిన జేబు ఇంకా ఇరుకు. ప్రొటీన్ గొలుసులో 262వ స్థానంలోని ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లం దాన్ని చేయి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. వేరే రిసెప్టర్ ఎంచుకుంటే నీ బొమ్మ తప్పో ఒప్పో చెప్పేవాడుండడు. ఇక్కడ ఉన్నాడు.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను, విను. నా మొదటి ప్రాజెక్టులో ఇలాంటి ఆమ్లాన్నే హైడ్రోజన్ ఊడకుండా, ఏ విద్యుదావేశమూ లేని అణువుగా గీసేశాను. పాఠ్యపుస్తకంలో అలాగే ఉంటుంది కదా. ఒంట్లో ఉండే పీహెచ్‌లో అది హైడ్రోజన్ వదిలేసి రుణావేశంతో తిరుగుతుంది. నా అణువు కాసేపట్లోనే జేబులోంచి జారి నీళ్ళలోకి పోయింది. నేను దర్జాగా "బంధం బలహీనం" అని రిపోర్టు రాశాను. ప్రొటీన్‌లో హిస్టిడీన్ అనే అమైనో ఆమ్లాల దగ్గరా ఇదే జాగ్రత్త. అణువు పరామీటర్లు, అంటే దాని బంధాలు, ఆవేశాల లెక్కకి కావలసిన అంకెలు, సీజెన్‌ఎఫ్‌ఎఫ్ అనే పనిముట్టుతో తీస్తే అవి ఎంత నమ్మదగనివో చెప్పే పెనాల్టీ అంకె చూడు. 10 లోపుంటే ఫరవాలేదు, 50 దాటితే వాటిని నమ్మకు.

డాకింగ్, అంటే అణువు జేబులో ఎలా ఇముడుతుందో, ఎంత గట్టిగా అంటుకుంటుందో స్కోరుతో అంచనా వేయడం, ఆటోడాక్ వైనా అనే ప్రోగ్రాంతో ఓ పూటలో అయిపోతుంది. అయిపోతుందనే భయం. వాసన అణువులు చిన్నవి, నూనె స్వభావం గలవి, స్కోర్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ వస్తాయి. రెంటి మధ్య 0.3 కిలోక్యాలరీల తేడా చూసి "ఇదే గట్టిగా అంటుకుంది" అనకు. వైనా తప్పే రెండు మూడు కిలోక్యాలరీల దాకా ఉంటుంది. పైగా అణువు పెద్దదైన కొద్దీ స్కోరు అందంగా కనిపిస్తుంది. ప్రోపియోనేట్ పక్కన దానికంటే పొడవైన హెక్సనోయేట్‌ని కూడా డాక్ చేసి చూడు. స్కోరు దానికే బాగా రావచ్చు, రిసెప్టర్‌కి నచ్చేది మాత్రం చిన్నదే.

తర్వాత మాలిక్యులర్ డైనమిక్స్, అంటే అణువుల కదలికని అడుగడుగునా లెక్కకట్టడం. రిసెప్టర్‌ని నీళ్ళలో వదిలేయకు, అది కణం పొరను ఏడుసార్లు కుట్టినట్టు దాటే ప్రొటీన్. చార్మ్-జీయూఐ అనే వెబ్ పనిముట్టులో లిపిడ్ (కొవ్వు) పొర పరిచి అందులో కూర్చోబెట్టు. ఆ కదలికల్ని లెక్కకట్టే గ్రోమాక్స్ ప్రోగ్రాంలో ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లు. ఒక మైక్రోసెకనుకి 50 కోట్ల అడుగులు. మే నెలలో మన ఊళ్ళో కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లేదు. గ్రోమాక్స్ మామూలుగా 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ (అప్పటిదాకా నడిచిన స్థితి) ఫైల్లో రాస్తుంది, ఆ ఫైలు చెరపకుండా ఉంటే ఆగినచోటు నుంచే సాగుతుంది. డిస్క్ నిండిందని తొందరపడి తుడిచేయకు, నేను తుడిచాను.

ఒక్క పెద్ద రన్ బదులు వేర్వేరు ఆరంభ వేగాలతో మూడు రన్లు చెయ్యి. మూడూ మూడు కథలు చెబితే ఏ కథా రాయకు. ఆరంభ ఆకృతి నుంచి ఎంత జరిగిందో చూపే ఆర్‌ఎమ్‌ఎస్‌డీ గీత చదునుగా వచ్చింది కదాని పండగ చేసుకోకు. తప్పు చోట స్థిరపడ్డ అణువుకీ ఆ గీత చదునుగానే వస్తుంది.

అసలు పరీక్ష ఇది. 262లోని ఆర్జినీన్‌ని చిన్న అమైనో ఆమ్లమైన అలనీన్‌గా మార్చి మళ్ళీ నడుపు. ఆకృతి తేల్చిన 2023 పరిశోధనలోని ప్రయోగంలో ఆ మార్పుతో ప్రోపియోనేట్‌కి స్పందన పోయింది. నీ కంప్యూటర్‌లో అణువు ఏమీ పట్టనట్టు అక్కడే కూర్చుంటే సంతోషించకు, సెటప్ వెతుక్కో. అలాగే జేబు గోడలోని 155, 158 స్థానాల్ని చిన్న అమైనో ఆమ్లాలుగా మారిస్తే రిసెప్టర్ పొడవాటి కొవ్వు ఆమ్లాలకూ స్పందించిందని అదే పరిశోధన చూపింది. ఈ రెండూ నీ రన్లలో కనబడ్డాకే కొత్త అణువు మాట ఎత్తు.

అప్పుడైనా మిర్చి వద్దు. మెంతులు పట్టుకో. ఆ వాసనలో ముఖ్యమైన సొటోలోన్ అనే అణువుకి ఓఆర్8డీ1 రిసెప్టర్ స్పందిస్తుందని తేలింది. ప్రొటీన్ ఆకృతిని కంప్యూటర్‌తో ఊహించే ఆల్ఫాఫోల్డ్ నమూనా దొరుకుతుంది, కానీ జేబు లోపలి అమైనో ఆమ్లాల పక్క గొలుసులు ఎటు తిరిగి ఉన్నాయో దాన్ని బట్టి ప్రమాణం చేయకు.

ఆదివారం బ్రాడీపేట నుంచి వచ్చేటప్పుడు వీడియోలు వద్దు, లాగ్ ఫైళ్ళు తీసుకురా. అమ్మ పెట్టిన మాగాయ కూడా ఓ సీసా. మెంతి వాసన నాకు గుర్తులేదని చెప్పు.

పెద్దమ్మ