అలాఖ్ పింగాణీ కుక్క బొమ్మ అసలుదో నకిలీదో ఎలా తేల్చాలి?

మ్యూనిక్‌లో పాత సామాన్ల సంతకు వెళ్తే తెల్లటి పింగాణీ కుక్క కనిపించిందని రాశారు. అడుగున అలాఖ్ కర్మాగారం గుర్తు ఉందని, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అది నాజీల ఎస్.ఎస్. దళానికి చెందిన ఒక అధికారి రాతబల్ల మీద ఉండేదని అమ్మకందారు చెప్పాడని, కొనవచ్చా అని అడిగారు.

మ్యూనిక్ ఉన్న బవేరియా ప్రాంతపు పింగాణీ జంతువులను నేను చాలా ఏళ్లుగా సేకరిస్తున్నాను. ఈ గుర్తు ఉన్నవీ కొన్ని నా చేతికి వచ్చాయి. నేను మాత్రం అడుగు భాగం చివరికి చూస్తాను. కొనేవాళ్లు ముందు చూసేది గుర్తునే అని నకిలీ చేసేవాళ్లకు తెలుసు, వాళ్ల శ్రద్ధంతా అక్కడే పెడతారు. అధికారి బల్ల కథకైతే కాగితం ఆధారం ఉంటేనే విలువ. ప్రతి సంతలోనూ అలాంటి అధికారి ఒకడు ఉంటాడు.

ఈ కర్మాగారం 1935లో మ్యూనిక్ శివారైన అలాఖ్‌లో మొదలైంది. త్వరలోనే నాజీ నాయకుడు హిమ్లర్ నడిపిన ఎస్.ఎస్. చేతికి వచ్చి, ఆ తర్వాత డాఖౌకు మారింది. యుద్ధం ముదిరేకొద్దీ అక్కడి నిర్బంధ శిబిరం ఖైదీల చేత పని చేయించారు. 1945లో మూతపడింది. అంటే పదేళ్ల సరుకే. అందులో ఎక్కువ బొమ్మలు తెల్లవి, రంగులు వేసినవి అరుదు. జంతువుల్లో పేరున్నవి థియోడర్ కెర్నర్ మలిచినవి. ఆయన అంతకుముందు మ్యూనిక్‌లోని నింఫెన్‌బుర్గ్ పింగాణీ కర్మాగారానికి పనిచేసిన శిల్పి. యుద్ధం తర్వాత కూడా ఆయన జంతువులు ఇతర బవేరియా కంపెనీల గుర్తులతో వచ్చాయి. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ముందు స్కేలు తీయండి. ఆ నమూనా అసలు ఎత్తు మిల్లీమీటర్లలో కేటలాగుల్లో, పాత వేలం జాబితాల్లో దొరుకుతుంది. గట్టి పింగాణీ కొలిమిలో కాలినప్పుడు పొడవులో సుమారు పది నుంచి పదహారు శాతం కుంచించుకుపోతుంది. అసలు బొమ్మ మీద అచ్చు తీసి పింగాణీతో పోస్తే వచ్చేది తప్పకుండా చిన్నదవుతుంది. కేటలాగులో ఇరవై సెంటీమీటర్లున్న బొమ్మ పదిహేడున్నరకు దిగిందంటే అచ్చు మీద అచ్చు తీశారన్నమాట. కాలి వేళ్ల సందులు, చెవి మడత, కంటి రెప్ప కూడా మొద్దుబారి ఉంటాయి. ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో పోస్తే కుంచించుకుపోవడం నామమాత్రమే, కొలత సరిపోతుంది. కానీ చేతిలో తేలికగా ఉంటుంది, చల్లగా తగలదు, భూతద్దంతో చూస్తే చిన్న గాలి బుడగలు కనిపిస్తాయి. కొలతను, పదార్థాన్ని రెండింటినీ కలిపి మోసం చేయడం చాలా కష్టం.

ఇప్పుడు తిప్పి చూడండి. లోపల బోలుగా పోసిన బొమ్మ కాబట్టి కాల్చేటప్పుడు గాలి పోవడానికి అడుగున రంధ్రం ఉండాలి. అలాఖ్ గుర్తులో ఎస్.ఎస్. చిహ్నమైన రెండు పిడుగు ఆకారపు గీతలు ఉంటాయి, అది సాధారణంగా గాజులాంటి మెరుపు పూత కింద ఆకుపచ్చగా ఉంటుంది. కెర్నర్ పేరు, నమూనా సంఖ్య పచ్చి మట్టిలోనే ఒత్తి ఉంటాయి. గోరుతో గీస్తే గుర్తు అంచు తగలకూడదు. ఎసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) తడిపిన దూదికి రంగు అంటితే సరుకు అక్కడే వదిలేయండి. అంటకపోయినా నిర్ధారణ కాదు, పూత పైన మళ్లీ కాల్చిన రంగు కూడా అంటదు.

నేను ఎక్కువగా భయపడేది రెజిన్‌కు కాదు, యుద్ధం తర్వాతి నిజమైన కెర్నర్ బొమ్మకు. శిల్పం అదే, పింగాణీ మంచిది. దాని మీది అసలు కంపెనీ గుర్తును అరగదీసి అలాఖ్ గుర్తు దింపుతారు. టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే అరగదీసిన చోట మెరుపు చచ్చి, మచ్చలా కనిపిస్తుంది. అంచు మీది గీతలూ చూడండి. ఏళ్ల తరబడి బల్ల మీద జరిగినవి అన్ని దిక్కులకూ పోతాయి, గరుకు కాగితంతో చేసినవి ఒకే వరుసలో ఉంటాయి.

సంతలో గుర్తు మీద టేపు అంటించి ఉంటే అనుమానించకండి. నాజీ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించడం జర్మన్ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద నేరం, అందుకే కప్పుతారు. టేపు తీసి మీకు ఒక్కరికి చూపడానికి నిరాకరిస్తే మాత్రం కొనవద్దు. మీరూ ఆ గుర్తు ఫోటోను ఆన్‌లైన్‌లో పెట్టకండి. ఎత్తు, అడుగు అంచు, ఒత్తిన సంఖ్య పంపితే చాలు, నమూనా ఏదో వెతికి చెప్తాను. నేనైతే వీటిని కొనను. ఖైదీల చేత చేయించిన వస్తువు నా బల్ల మీద పెట్టుకోలేను, అది నా సొంత లెక్క.