లాయర్ కంటే ముందు ఒక ఈమెయిల్

"డాలస్ దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. మా బాబుకి ఆరేళ్ళు. మాటలు సరిగ్గా రావడం లేదు, క్లాసులో కుదురుగా కూర్చోడు. టీచరుకి మూడుసార్లు చెప్పాను. చూద్దాం అంటున్నారు. లాయర్‌ని పెట్టుకోవాలా?" అని ఒక తల్లి అడిగారు.

ఇప్పుడే వద్దమ్మా. నోటితో చెప్పింది చాలు, ఇక రాసి పంపండి. "మా బాబుకి స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ చేయండి", అంటే ప్రత్యేక సాయం అవసరమో కాదో పరీక్షించండి, అని మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం బడులు నడిపే సంస్థ) స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కి ఈమెయిల్ పెట్టి, ప్రిన్సిపాల్‌కి కాపీ పంపండి. టెక్సాస్‌లో అలా రాసి అడిగితే 15 బడి రోజుల్లో జవాబివ్వాలి. కుదరదంటే ఎందుకు కుదరదో కూడా రాసే చెప్పాలి. మీరు ఒప్పుకుని సంతకం పెట్టిన రోజు నుంచి 45 బడి రోజుల్లో రిపోర్టు రావాలి. నోటిమాటకి ఆ 15 రోజుల గడువు వర్తించదు.

మా అమ్మాయి విషయంలో నాకు ఇది తెలియక ఏడాదిన్నర పోయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు కాబట్టే ఆలస్యమని బడివాళ్ళు అన్నారు. టీచరు మాట కాదనడం మనకి అలవాటు లేదు కదా, ఇంట్లో తెలుగు మానేశాం. పిల్లకి ఇంగ్లీషు రాలేదు సరికదా, ఫోన్‌లో అమ్మమ్మతో మాట్లాడే ఆ నాలుగు ముక్కలూ పోయాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అసలు అమెరికా స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టంలో ఉన్నది వేరు. వీలైనంతవరకు పిల్లల సొంత భాషలో పరీక్షించాలి. ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే చూసి వైకల్యం ఉందని తేల్చకూడదు. ఇంట్లో తెలుగు వినిపిస్తోందని పరీక్షే వాయిదా వేయమని ఆ చట్టం ఎక్కడా చెప్పదు.

ఆ చట్టం పేరు ఐడియా (IDEA). 1975లో వేరే పేరుతో వచ్చింది, 1990లో ఈ పేరు పెట్టారు. వీసా ఏదన్నది ఇక్కడ అడ్డు కాదు. వలస పత్రాలు లేని పిల్లల్ని కూడా బడి బయట ఉంచకూడదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. హెచ్-4 (ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నామని భయపడకండి. హైదరాబాద్ డాక్టర్ రిపోర్టు ఉంటే ఇవ్వండి. దాన్ని వాళ్ళు పరిశీలించాలి, అయితే అదే చివరి మాట కాదు.

రిపోర్టు వచ్చాక మీటింగ్ పెడతారు. టెక్సాస్‌లో దాన్ని ఆర్డ్ మీటింగ్ అంటారు, వేరే రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్. ఐఈపీ అంటే మీ బిడ్డకి ఏ సేవలు ఇస్తారో రాసే ప్రణాళిక. ఇంగ్లీషు ధారాళంగా రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే రాయండి, ఏర్పాటు బడిదే. బల్ల చుట్టూ అంతమంది ఉంటే మొహమాటం వేస్తుంది. అయినా హాజరు సంతకం వేరు, ఒప్పుకున్నామన్న సంతకం వేరు. నచ్చకపోతే ఒప్పుకోలేదనే టిక్ పెట్టండి. మళ్ళీ కూర్చోవడానికి పది బడి రోజుల వ్యవధి అడగొచ్చు. బడి చేసిన ఎవాల్యుయేషనే తప్పనిపిస్తే, బయటి నిపుణులతో, బడి ఖర్చుతో మళ్ళీ చేయించమనండి. అప్పుడు వాళ్ళు డబ్బైనా కట్టాలి, లేదా తమదే సరైనదని హియరింగ్‌లో, అంటే విచారణలో, నిరూపించుకోవాలి.

ఇంత చేసినా కదలకపోతే సాయం వెతకాలి. ముందు ఉచితంగా దొరికేది చూడండి. తల్లిదండ్రులకి శిక్షణ ఇచ్చే సెంటర్ ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. టెక్సాస్‌లో దాన్ని పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్ నడుపుతోంది. న్యాయ సాయానికి డిజబిలిటీ రైట్స్ టెక్సాస్ ఉంది, కానీ వాళ్ళు అన్ని కేసులూ తీసుకోలేరు. టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీకి ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు, జరిగిన ఏడాదిలోపు చేయాలి. మధ్యవర్తిత్వం కూడా ఉచితమే.

లాయర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఈ చట్టం కేసులే చూసేవాళ్ళని వెతకండి, మీ వీసా లాయర్‌కి ఇది తెలియకపోవచ్చు. గెలిస్తే లాయర్ ఫీజు డిస్ట్రిక్ట్ చేత కట్టించమని కోర్టుని అడగొచ్చు. నిపుణుల ఫీజు మాత్రం తిరిగి రాదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. హియరింగ్ కోరినవాళ్ళే నిరూపించుకోవాలని అంతకు ముందు ఏడాదే చెప్పింది. అందుకే ప్రతి ఈమెయిల్, ప్రతి రిపోర్టు ఒక ఫైల్‌లో పెట్టండి. ప్రాజెక్ట్ మారి వేరే రాష్ట్రం వెళ్ళినా ఆ ఫైల్ పనికొస్తుంది. విద్యా సంవత్సరం మధ్యలో బడి మారితే, కొత్త బడి తన నిర్ణయం చేసేదాకా పాత ఐఈపీకి సమానమైన సేవలు ఇవ్వాలి.

ఇంకొక్క మాట. వేసవి సెలవులు బడి రోజుల లెక్కలోకి రావు. మే నెలాఖరులో అడిగితే జవాబు ఆగస్టుకి జరిగిపోతుంది. ఈమెయిల్ ఈ వారమే పంపేయండి.