టెక్ సందేహాలు: క్యాప్చర్ కార్డుతో వచ్చిన డ్రైవర్ వేయకండి

ఊళ్లు మారుతున్నాయి, ప్రశ్న మాత్రం మారడం లేదు. ఈసారి హన్మకొండ నుంచి వచ్చింది. ముందు రెండు పేర్లు: క్యాప్చర్ కార్డు అంటే ప్లేస్టేషన్ (పీఎస్) లాంటి ఆటల కన్సోల్ బొమ్మను కంప్యూటర్‌లోకి పంపే చిన్న పరికరం, ఓబీఎస్ అంటే ఆ బొమ్మను రికార్డు చేసే, లైవ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్. “పీఎస్5ని క్యాప్చర్ కార్డుకి, కార్డుని ల్యాప్‌టాప్‌కి కలిపాను. ఓబీఎస్ తెరిస్తే అంతా నలుపే. అదే కన్సోల్‌ను నేరుగా టీవీకి పెడితే బొమ్మ బ్రహ్మాండంగా వస్తోంది. కార్డు పాడైనట్టేనా? వాపస్ చేయమంటారా?”

వాపస్ చేయకండి, మీ కార్డు బాగానే ఉండి ఉంటుంది. కన్సోల్‌ను మళ్లీ టీవీకి కలిపి సెట్టింగ్స్‌లో సిస్టమ్‌లోకి, అందులో హెచ్‌డీఎంఐలోకి వెళ్లండి. అక్కడ ‘ఎనేబుల్ హెచ్‌డీసీపీ’ అని ఉన్నదాన్ని ఆఫ్ చేసి, ఆ తర్వాత కార్డు పెట్టండి. పీఎస్4లోనూ సిస్టమ్ సెట్టింగ్స్‌లోనే ఈ స్విచ్ ఉంటుంది. ఇది ఆఫ్‌లో ఉన్నంతసేపూ ఆ కన్సోల్‌లో ఓటీటీ యాప్‌లు పనిచేయవు. రాత్రి ఇంట్లోవాళ్లు సినిమా పెట్టుకునే ముందు గుర్తుపెట్టుకుని ఆన్ చేయండి. పీఎస్3కి ఈ స్విచ్చే లేదు. దానికి హెచ్‌డీఎంఐ వదిలేసి కాంపొనెంట్ కేబుల్, ఆ కేబుల్ తీసుకునే కార్డు వాడుకోవాలి. ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ కన్సోళ్లలో ఆట నడుస్తున్నప్పుడు ఈ గొడవ ఉండదు.

హెచ్‌డీసీపీ అంటే సినిమాలు కాపీ కొట్టకుండా ఇంటెల్ తయారుచేసిన తాళం. కన్సోల్, టీవీ ఒకదాన్నొకటి గుర్తుపట్టాకే బొమ్మ కదులుతుంది. మధ్యలో రికార్డు చేసే పెట్టె కనిపిస్తే ఆగిపోతుంది. ఈ తాళానికి అప్పటి మాస్టర్ కీ 2010 సెప్టెంబరులోనే బయటికి వచ్చేసింది, అది అసలుదేనని ఇంటెల్ కూడా ఒప్పుకుంది. కాపీలు అమ్ముకునేవాడు ఇలాంటి తాళం దగ్గర ఆగిపోడు. ఆగిపోతున్నది తన ఆట తాను రికార్డు చేసుకుందామనుకున్న కుర్రాడు. తాళం ఉండాలంటే ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ నల్లటి తెర మీద ‘హెచ్‌డీసీపీ ఆన్‌లో ఉంది, ఫలానా చోట ఆపండి’ అని ఒక్క వాక్యం చూపించడానికి ఏం కష్టం? ఆ ఒక్క వాక్యం లేక ఎంతమంది మంచి కార్డుని పాడైందనుకుని తిప్పి పంపుతున్నారో నా దగ్గరికొచ్చే ఉత్తరాలే చెబుతున్నాయి.

ఇంకో మాట. పీఎస్5లో క్రియేట్ బటన్ నొక్కితే కన్సోలే గంట వరకూ రికార్డు చేస్తుంది, యూట్యూబ్‌కీ ట్విచ్‌కీ నేరుగా లైవ్ ఇస్తుంది. మీకు కావాల్సింది అంతే అయితే కార్డు కొనక్కర్లేదు. గంటలకొద్దీ రికార్డింగ్ కావాలన్నా, తెర మీద సొంత డిజైన్లు, చాట్, స్కోరు పెట్టుకోవాలన్నా కార్డు కావాలి. నింటెండో స్విచ్ ఉన్నవాళ్లకు మరీ అవసరం, ఎందుకంటే పాత స్విచ్ 30 సెకన్ల క్లిప్పుకి మించి ఇవ్వదు, లైవ్ అసలే లేదు.

విజయవాడ పాఠకుడి బాధ వేరు. “డబ్బా మీద 4కే అని పెద్ద అక్షరాలతో ఉంది. రికార్డింగ్ చూస్తే గడ్డి, పొగ, వాన ఉన్నచోటల్లా గళ్లు గళ్లుగా వస్తోంది. కదలిక కూడా ఆగి ఆగి ఉంది.”

ఆ 4కే అన్నది కార్డులోకి వెళ్లగలిగే బొమ్మ సంగతి. బయటికి వచ్చేది కాదు. పెన్‌డ్రైవ్ సైజులో ఉండే చవక కార్డులు చాలావరకు 4కే బొమ్మను తీసుకుని 1080పీకి, అంటే ఫుల్ హెచ్‌డీకి, కుదించి, సెకనుకు 30 ఫ్రేములే ఇస్తాయి. కారణం తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. 1080పీ బొమ్మ, సెకనుకు 60 ఫ్రేములు, కుదింపు లేకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 200 కోట్ల బిట్లు వెళ్లాలి. యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు 48 కోట్లే. అందుకే ఆ చిన్న కార్డు ప్రతి ఫ్రేమునూ ఫొటోలా నలిపి పంపుతుంది, మీరు చూసిన గళ్లు అవే. యూఎస్‌బీ 3.0కైతే 500 కోట్ల వరకూ వెడల్పు ఉంది.

నాకు కోపం తెప్పించేది నీలి ప్లాస్టిక్. యూఎస్‌బీ 3.0కి గుర్తుగా పోర్టు లోపల నీలం రంగు ఉంటుందని జనం నేర్చుకున్నారు. అమ్మేవాళ్లు ఆ రంగు ఒక్కటీ తీసుకొచ్చి 2.0 కార్డుకి వేస్తున్నారు. కొనగానే ప్లగ్ లోపలికి టార్చ్ వేసి చూడండి. ముందు వరసలో నాలుగు పిన్నులు ఉంటాయి. వాటి వెనక, లోపలగా, ఇంకో ఐదు ఉంటేనే అది 3.0. అవి లేకపోతే రంగు నమ్మకండి, వెంటనే వాపస్ చేయండి. పిన్నులు ఉన్నా గళ్లు వస్తుంటే మాత్రం పోర్టు చూసుకోండి. ల్యాప్‌టాప్‌కి ఒక పక్క 2.0, ఇంకో పక్క 3.0 ఉండటం మామూలే. హబ్బు మధ్యలో పెట్టకండి.

తెనాలి నుంచి: “బటన్ నొక్కిన కాసేపటికి గానీ దెబ్బ పడటం లేదు, ఎలా ఆడాలి?” ఓబీఎస్ కిటికీ చూస్తూ ఆడకండి. కార్డుకి రెండో హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే అందులోంచి టీవీకి వైరు వేసి, టీవీ చూస్తూ ఆడండి. ల్యాగ్ ఉన్నది ల్యాప్‌టాప్‌కి వెళ్లే దారిలో, మీ ఆటలో కాదు.

ఇక కాకినాడ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి రాసినది. రెండేళ్లుగా నేను భయపడుతున్నది ఇదే. “కార్డుతో వచ్చిన కాగితం మీద డ్రైవర్ కోసం క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే జిప్ ఫైల్ వచ్చింది, దాని పాస్‌వర్డ్ కాగితం మీదే ఉంది. యాంటీవైరస్ అడ్డుపడితే ఆపేయమని రాశారు, ఆపేశాను. మూడో రోజు పొద్దున లేచేసరికి నా ఛానల్ పేరు మారిపోయింది. వీడియోలు కనిపించడం లేదు. ఎవరిదో క్రిప్టో లైవ్ నడుస్తోంది. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఉంది, ఓటీపీ ఒక్కటి కూడా రాలేదు. ఇదెలా సాధ్యం?”

ముందు చేయాల్సింది చెబుతాను. ఆ ల్యాప్‌టాప్‌ని ఇప్పుడే ఇంటర్నెట్ నుంచి తీసేయండి. దాని మీద పాస్‌వర్డ్ మార్చకండి, మార్చినా కొత్తది కూడా వాళ్ల చేతికే పోవచ్చు. మీ ఫోన్ నుంచో ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచో గూగుల్ ఖాతాలోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి, అక్కడ కనిపించే మిగతా పరికరాలన్నిటినీ సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్ నంబరు, మెయిల్ మీవేనా అని చూడండి. లోపలికి వెళ్లలేకపోతే యూట్యూబ్ సహాయ విభాగంలో హ్యాకైన ఛానళ్లకు వేరే దారి ఉంది, దాన్ని పట్టుకోండి. ఆ బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ, బ్యాంకుదైనా కాలేజీదైనా, పోయాయనే అనుకుని మార్చేయండి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు దొరకదు. ఛానల్ చేతికొచ్చాక స్ట్రీమ్ కీ, అంటే లైవ్ ఇవ్వడానికి వాడే రహస్య కోడ్, కూడా రీసెట్ చేయాలి. ఇవన్నీ అయ్యాక ల్యాప్‌టాప్‌ని ఫార్మాట్ చేయించండి. యాంటీవైరస్‌తో ఒకసారి స్కాన్ చేసి సరిపెట్టుకోవద్దు.

ఇప్పుడు ఓటీపీ ఎందుకు రాలేదో చెప్పాలి. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక బ్రౌజర్ ఒక చీటీ దాచుకుంటుంది, కుకీ అంటారు. రోజూ పాస్‌వర్డ్ అడగకుండా మిమ్మల్ని లోపలికి పంపేది ఆ చీటీయే. ఆ జిప్‌లో ఉన్నది మీ కార్డుకు సంబంధించినదే కాదు. అది ఆ చీటీని కాపీ చేసి బయటికి పంపింది. చీటీ చూపించిన వాడిని గేటు దగ్గర ఎవరూ ఆపలేదు, అందుకే ఓటీపీ అడగలేదు. మీ తప్పు ఉన్నది యాంటీవైరస్ ఆపడంలో. టూ-స్టెప్ పెట్టుకోవడం మంచి పనే, అది ఇలాంటి దొంగతనానికి సరిపోదు, అంతే.

ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. యూట్యూబర్ల కుకీలు దొంగిలించే ముఠాల గురించి గూగుల్ భద్రతా విభాగం 2021 అక్టోబరులోనే వివరంగా చెప్పింది. 2023 మార్చిలో కోటిన్నర మందికి పైగా సబ్‌స్క్రైబర్లున్న కెనడా ఛానల్ లైనస్ టెక్ టిప్స్ ఇలాగే పోయింది. స్పాన్సర్ పంపిన పీడీఎఫ్ అనుకుని వాళ్ల ఉద్యోగి ఒక ఫైల్ తెరిచారు, అంతే. రోజూ కంప్యూటర్ల గురించే మాట్లాడే సంస్థ అది. అదే ఏడాది జనవరిలో గూగుల్‌లో ఓబీఎస్ అని వెతికినవాళ్లకు అసలు సైటు కంటే పైన ప్రకటనల రూపంలో నకిలీ సైట్లు కనిపించాయి. వాటిలోంచి దించుకున్నవాళ్లు ఖాతాలు పోగొట్టుకున్నారు. ఓబీఎస్‌ని ఓబీఎస్‌ప్రాజెక్ట్ డాట్ కామ్ అని మీ చేత్తో టైపు చేసి మాత్రమే తెచ్చుకోండి. అది పూర్తిగా ఉచితం, డబ్బడిగిన చోటు ఏదైనా దొంగదే.

అన్నిటికన్నా బాధ కలిగించేది ఏమిటంటే, ఆ యువకుడికి అసలు డ్రైవరే అవసరం లేదు. ఈ చిన్న యూఎస్‌బీ కార్డులు దాదాపు అన్నీ కంప్యూటర్‌కి వెబ్‌క్యామ్‌లాగే కనిపిస్తాయి. దీనికి యూవీసీ అనే ప్రమాణం ఉంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ అది ముందే ఉంటుంది. గుచ్చగానే ఓబీఎస్‌లో వీడియో క్యాప్చర్ డివైస్ కింద ‘యూఎస్‌బీ వీడియో’ లాంటి పేరుతో వచ్చేస్తుంది. రాకపోతే విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో కెమెరాకి అనుమతి ఉందో లేదో, ఏదైనా వీడియో కాల్ యాప్ దాన్ని పట్టుకుని కూర్చుందేమో చూడండి. అంతకుమించి ఏమీ ఎక్కించాల్సిన పని లేదు. డెస్క్‌టాప్ లోపల బిగించే ఖరీదైన కార్డులకూ, కొన్ని పెద్ద కార్డులకూ మాత్రం డ్రైవర్ కావాలి, దాన్ని తయారీదారు సొంత సైటు నుంచే తీసుకోవాలి. క్యూఆర్ కోడ్ నుంచి కాదు, యూట్యూబ్ వీడియో కింద ఎవరో పెట్టిన లింకు నుంచి అసలే కాదు.

పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఎందుకిస్తారో ఒక్కసారి ఆలోచించండి. తాళం వేసిన జిప్ లోపల ఏముందో యాంటీవైరస్‌కీ, మెయిల్ సర్వర్‌కీ కనిపించదు. ఆ ఉద్దేశం లేనివాడికి తాళంతో పనేముంది? పేరు లేని డబ్బాలో, మూడు భాషల్లో తప్పుల తడకగా అచ్చేసిన కాగితంతో ఈ సరుకు ఆన్‌లైన్ దుకాణాల్లో రాశులుగా అమ్ముడవుతోంది. ఒక పేరుతో ఫిర్యాదులు పెరిగితే అదే కార్డు వారం తిరక్కుండా ఇంకో పేరుతో వస్తోంది. ఫ్యాను కొంటే దాని మీద తయారీదారు పేరూ చిరునామా వెతుకుతాం. మన కంప్యూటర్‌లోకి దూరే వస్తువుకి అవి లేకపోయినా, అమ్మే వేదికలు అడగడం లేదు, మనమూ అడగడం లేదు. ఆ కాగితంలో ఏ లింకు ఉందో తెరిచి చూసే మనిషి ఒక్కరు ఆ వేదికల దగ్గర ఉన్నా, కాకినాడ కుర్రాడి మూడేళ్ల వీడియోలు ఇవాళ అతని దగ్గరే ఉండేవి.

గుంటూరు నుంచి ఒక తల్లి: “మా బాబుకి 14 ఏళ్లు. కార్డు కొనిస్తే లైవ్ పెట్టుకుంటానంటున్నాడు. కొనివ్వచ్చా?” అమ్మా, 2025 జులై 22 నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లు ఒంటరిగా యూట్యూబ్‌లో లైవ్ పెట్టడానికి వీల్లేదు. రికార్డు చేసి వీడియోగా పెట్టుకోవచ్చు, నా అభిప్రాయంలో అదే మేలు కూడా, ఎందుకంటే ఎక్కించే ముందు మీరు ఒకసారి చూడొచ్చు. వెనకాల బడి యూనిఫాం, ఇంటి నంబరు కనిపించకుండా చూసుకోండి. అంతకంటే ముఖ్యం, స్ట్రీమ్ కీ సంగతి వాడికి ఇప్పుడే చెప్పండి. ఆ కీ ఎవరికి దొరికితే వాళ్లు మీ బాబు ఛానల్‌లో వాళ్లకు తోచింది ప్రసారం చేయగలరు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. సాయం చేస్తామన్న స్నేహితుడికి స్క్రీన్‌షాట్ తీసి పంపే అలవాటు ఈ వయసు పిల్లల్లో చాలా ఉంది.

చివరిగా నిజామాబాద్ నుంచి: “హెచ్‌డీఎంఐ వైరు గుచ్చుతుంటే చేతికి చిన్నగా షాక్ కొడుతోంది. రెండో కార్డు కూడా పోయింది.” ఇది కార్డు లోపం అయ్యే అవకాశం తక్కువ, మీ ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోండి. టీవీ, కన్సోల్, ల్యాప్‌టాప్ అడాప్టర్లలోంచి ఎప్పుడూ కొద్దిగా కరెంటు లీకవుతూ ఉంటుంది, అది ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోయినా, మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టి వాడినా, అది హెచ్‌డీఎంఐ వైరు దారి పడుతుంది. ఆ దెబ్బకి ముందు పోయేది మధ్యలో ఉన్న చిన్న కార్డే, దాని తర్వాత వంతు కన్సోల్ పోర్టుది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టి, ప్లగ్గులు తీసి ఉన్నప్పుడే వైర్లు కలపండి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. మూడో కార్డు అప్పటిదాకా కొనకండి.