ఐసీయూలో ఉన్న పాప పక్కనే ఉంటామని అడగొచ్చా?

మీ పాప మూడు రోజులుగా పిల్లల ఐసీయూలో ఉందనీ, పూటకు పది నిమిషాలే చూడనిస్తున్నారనీ, ఇంకాసేపు ఉంటామంటే డాక్టర్లకు అడ్డమవుతామేమోననీ రాశారు. తప్పకుండా అడగండి. అమ్మానాన్నలు పక్కనుండటం కూడా పాప వైద్యంలో భాగమే.

మా బాబు నాలుగేళ్లప్పుడు న్యుమోనియా ముదిరి 11 రోజులు ఐసీయూలో ఉన్నాడు. అందులో 6 రోజులు వెంటిలేటర్ మీదే. మొదటి రెండు రోజులు మమ్మల్ని బయట కుర్చీల్లోనే కూర్చోబెట్టారు. మూడో రోజు పొద్దున డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్ గారిని అడిగాను. "ఒక మూల స్టూలు మీద కూర్చుంటానండీ, మీరు వెళ్లమన్న వెంటనే వెళ్లిపోతాను" అన్నాను. ఆవిడే డాక్టరుగారితో మాట్లాడి ఒప్పించారు. ఆ తర్వాత నేనో, మా ఆయనో ఎవరో ఒకరం లోపలే ఉన్నాం.

ట్యూబు తీశాక బాబుకి గొంతు పెగల్లేదు. మాటిమాటికీ చెవి లాక్కుంటుంటే నొప్పేమోనని డాక్టరు చెవిలో లైటు వేసి చూశారు. ఏమీ లేదు. వాడికి నిద్రొస్తే చెవి లాక్కుంటాడు, పసితనం నుంచీ అంతే. ఆ మాట చెప్పగానే సిస్టర్ మంచం దగ్గర లైటు తగ్గించారు, కాసేపటికే పడుకున్నాడు. ఇలాంటివి కేస్ షీట్‌లో ఉండవు కదా. మీ పాపకు దేనికి భయం, ఏ పక్కకు తిరిగి పడుకుంటుంది, నీళ్లు ఎలా అడుగుతుంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి మంచం దగ్గర పెట్టమనండి. మీరు లేనప్పుడైనా పనికొస్తుంది.

తల్లిదండ్రుల్ని దూరంగా ఉంచడమే పద్ధతని ఒకప్పుడు చాలాచోట్ల నమ్మేవారు. అమ్మ వెళ్లిపోయాక పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకుంటే, అలవాటు పడ్డారనుకునేవారు. బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సోషల్ వర్కర్ ఆ పిల్లల్ని దగ్గరుండి గమనించి, అది అలవాటు కాదు, ఆశ వదులుకోవడమని చెప్పారు. 1959లో అక్కడే, ఆసుపత్రుల్లో పిల్లల బాగోగుల కోసం వేసిన ప్లాట్ కమిటీ, పిల్లల్ని చూడటానికి వేళల అడ్డు ఉండకూడదని సిఫారసు చేసింది. అమెరికాలోని సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 2017 మార్గదర్శకాలైతే, ఐసీయూలో కుటుంబాన్ని పక్కన ఉండనివ్వమని, డాక్టర్లు మంచం మంచానికీ వచ్చి చూసి మాట్లాడుకునే రౌండ్స్‌లో పాల్గొనే అవకాశం కూడా ఇవ్వమని సూచిస్తాయి. కాబట్టి మీరు కొత్త కోరికేమీ కోరడం లేదు. రౌండ్స్ ఎన్నింటికో కనుక్కుని, అప్పుడు లోపల ఉండనివ్వమని అడగండి. రౌండ్స్ జరిగే ఆ పది నిమిషాల్లో మాకు తెలిసినంత, రోజంతా బయట కూర్చున్నా తెలియలేదు.

ఇన్‌ఫెక్షన్ సంగతి నిజమే. లోపలికి వెళ్లిన ప్రతిసారీ, పాపను ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడుక్కోండి. జలుబో జ్వరమో ఉన్నవాళ్లు వెళ్లకూడదు.

పాప మత్తులో ఉన్నా మాట్లాడండి. వినిపించదని అనుకోవద్దు. ఎక్కడ ముట్టుకోవచ్చో సిస్టర్‌ను అడిగి, అక్కడ చెయ్యి కదపకుండా ఆనించి ఉంచండి. బాగా జబ్బుగా ఉన్న పిల్లలకు ఊరికే నిమిరితే చిరాకు రావచ్చు. మానిటర్ మోగినప్పుడల్లా నేను హడలిపోయేదాన్ని. సిస్టర్ అంకెలకేసి కాకుండా ముందు బాబుకేసి చూడటం గమనించాక టెన్షన్ కొంత తగ్గింది.

ఒక రాత్రి ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోయింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. మా ఆయన చూడలేక బయటికి వెళ్లారు, నేను గోడకానుకుని నిలబడ్డాను. ఒక సిస్టర్ నా పక్కనే నిలబడి, ఏం చేస్తున్నారో ఒక్కొక్కటీ చెప్పారు. బయట ఉండి ఉంటే ఆ కాసేపూ నేను తట్టుకోలేకపోయేదాన్ని. ఉండాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. వెళ్లిపోయినందుకు మా ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు, నేనూ పట్టలేదు. మీరు ఉంటానంటే మాత్రం, పక్కన ఒకరిని నిలబెట్టమని ముందే అడిగి ఉంచుకోండి.

ఇద్దరూ ఒకేసారి మేలుకుని ఉండకండి, వంతులు వేసుకోండి. ఈ సాయంత్రం డ్యూటీ మారేలోపే సిస్టర్ గారితో మాట్లాడండి. పాప ఎలా ఉందో వీలైనప్పుడు రాయండి, ఎదురుచూస్తుంటాను.