అది తుప్పు తెగులు కాదు, జింకు లోపం

ప్రశ్న: మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. దాళ్వాలో (రబీలో) ఎం.టి.యు. 1121 రకం వరి నాటి 24 రోజులైంది. పక్కచేను ఆయన వేశాడని షాపాయన చెబితే దమ్ములో ఎకరాకు రెండు కట్టల డీఏపీ వేశాను. చేను అక్కడక్కడా గిడసబారి, కింది ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చాయి. తుప్పు తెగులని షాపులో ఇచ్చిన ప్రొపికొనజోల్ రెండుసార్లు కొట్టాను, యూరియా చల్లాను. అయినా పచ్చబడలేదు. ఇప్పుడు ఏ మందు కొట్టాలి?
– ఒక కౌలు రైతు, ఆచంట మండలం

జవాబు: ఏ తెగులు మందూ కొట్టొద్దు. మీరు రాసిన లక్షణాలు జింకు లోపానివి. ఒక ముదురాకు వంచి చూడండి, పెళుసుగా చిటుక్కున విరుగుతుంది. మచ్చలు మధ్య ఈనెకు రెండు పక్కలా ఇటుక రంగులో ఉంటాయి. యూరియా వేసినా చేను తిరగకపోవడం మరో గుర్తు. ఒక దుబ్బు పీకి వేళ్లు కూడా చూడండి. నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంటే ముందు మురుగు తీసి చేను ఆరగట్టాలి.

లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు, అంటే ఎకరాకు 200 లీటర్ల నీటిలో 400 గ్రాములు కలిపి ఆకులు బాగా తడిసేలా కొట్టండి. 5 రోజుల వ్యవధితో రెండు మూడుసార్లు కొట్టాలి. పురుగు మందుగానీ తెగులు మందుగానీ అందులో కలపకండి. కొత్త ఆకు పచ్చగా వచ్చేదాకా యూరియా ఆపండి.

రెండు కట్టల డీఏపీతో ఎకరాకు 46 కిలోల భాస్వరం పోశారు. భాస్వరం ఎక్కువైతే పైరు జింకును తీసుకోలేదు. ఎప్పుడూ నీరు నిలిచే మన డెల్టా చేలల్లో జింకు అసలే సరిగా అందదు, దాళ్వా చలికి వేరు కూడా మందగిస్తుంది. మట్టి సంగతి అడగకుండా పక్కచేను ఆయన వేశాడని మీకూ రెండు కట్టలు రాసిన షాపాయనే, ఆ డీఏపీ తెచ్చిన లోపానికి తెగులు మందు కూడా అమ్మాడు. మొక్క చూడకుండా చెప్పే రోగానికి డబ్బెందుకు పోస్తారు?

వచ్చే దాళ్వాకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి. బస్తా మీద జింకు 21 శాతం అని ఉందో లేదో చూసి కొనండి. డీఏపీతో కలిపి చల్లితే దండగ, రెండింటికీ కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి.

'పైఏడు ఈ చేను మనకిస్తారో లేదో, మట్టి పరీక్ష మనకెందుకు' అని కౌలు రైతులు తరచూ అంటుంటారు. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ వేయకపోవడానికి ఆ మాట ఒప్పుకుంటాను. జింకు మాత్రం వేసిన పంటకే పనిచేస్తుంది, పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలితే సిఫారసు మోతాదులో 30 శాతం అదే పంటకు మిగులుతుంది.

కోత అయి కాలువల్లో నీళ్లు ఆపేశాక పరీక్షకు మట్టి తీయండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు వేసిన చోట వద్దు. ఎకరాకు 8–10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తీసి, దాని అంచు వెంబడి పైనుంచి కిందిదాకా మట్టి గీకండి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకు తగ్గించి, నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పంపండి. జింకు కూడా చూడమని చీటీ మీద రాయండి. జింకు పూత ఉన్న రేకు బకెట్లో మాత్రం మట్టి కలపకండి, ఫలితం తప్పుగా వస్తుంది.