మట్టిలో కలిసిపోయే మల్చింగ్ షీట్ పంట మధ్యలోనే ఎందుకు చిరుగుతుంది?

కలుపు రాకుండా నేలపై పరచడానికి, మట్టిలో కలిసిపోతుందని కొన్న షీట్ పంట ఉండగానే పెళుసుబారి చిరిగిపోతోందేంటి అన్నది ప్రశ్న. చిరగడం వేరు, మట్టిలో కలవడం వేరు. మొదటిది ఎక్కువగా ఎండ పని, రెండోది సూక్ష్మజీవుల పని.

ఈ షీట్లు చాలావరకు పీబీఏటీ, పీఎల్‌ఏ అనే రెండు పాలిమర్ల (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న ప్లాస్టిక్‌ల) మిశ్రమం. పీబీఏటీ సాగుతుంది, పీఎల్‌ఏ బిగువునిస్తుంది, కానీ రెండూ ఒకదాంట్లో ఒకటి పూర్తిగా కలవవు, ఆ అతుకుల దగ్గరే పగుళ్లు మొదలవ్వచ్చు. పీబీఏటీలోని బెంజీన్ వలయాలు (ఆరు కార్బన్ అణువుల ఉంగరాలు) 300 నానోమీటర్ల చుట్టుపక్కల అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి. దాంతో పాలిమర్ గొలుసులు తెగుతాయి, అది ఊహించేదే. అసలు తిరకాసు ఏంటంటే, తెగిన కొసల్లో కొన్ని పక్క గొలుసులతో అతుక్కుని వలలా బిగుసుకుంటాయి, అప్పుడు షీట్ సాగే గుణం పోవడమే కాదు, ఆ వల అల్లుకున్న భాగాన్ని సూక్ష్మజీవుల ఎంజైములు కూడా తేలిగ్గా తెంపలేవు. అంటే ఎండకు బాగా మాడిన షీట్ మట్టిలో ఇంకా తొందరగా కరుగుతుందని నమ్మడానికి లేదు.

వాన, తేమ కూడా ఎస్టర్ బంధాలను (ఆ గొలుసుల్లోని లంకెలను) తెంపుతాయి, వేడి పెరిగితే ఇంకా వేగంగా. అయితే పీఎల్‌ఏ దాదాపు 60 డిగ్రీల దాకా గాజులా గట్టిగా ఉంటుంది కాబట్టి మామూలు పొలం మట్టిలో అది నింపాదిగానే కరుగుతుంది.

కొనేటప్పుడైతే నలుపుదే తీసుకోండి. అందులోని కార్బన్ బ్లాక్ అనే మసిలాంటి నల్లపొడి కాంతిని పైపొరలోనే ఆపేస్తుంది, పారదర్శకమైనది అంత కాలం ఆగదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 17033 అడిగేది 2 ఏళ్లలో 90 శాతం జీవవిచ్ఛిత్తి (సూక్ష్మజీవుల వల్ల విరిగిపోవడం), అదీ ల్యాబ్‌లో. రోల్స్‌ను మాత్రం నీడలో, పొడిగా ఉన్నచోట పెట్టండి, తేమ తగిలితే వాడకముందే బలం తగ్గుతుంది.