ఫ్రీ రూమ్ వచ్చిందని వేగాస్ బయల్దేరే ముందు ఒక స్టేట్‌మెంట్ చూడండి

ప్రశ్న: మేం ఫీనిక్స్ దగ్గర ఉంటాం. పెళ్ళయి పదేళ్ళవుతోంది. నవంబర్‌లో మా పెళ్ళిరోజుకి రెండు రాత్రులు లాస్ వేగాస్ వెళ్దామంటున్నారు మావారు. క్యాసినో హోటళ్ళన్నీ ఉండే ఆ పెద్ద రోడ్డు, స్ట్రిప్ మీద పెద్ద హోటల్లో రూమ్ ఆయనకి ఫ్రీగా వచ్చిందట. గుంటూరు నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చి ఉన్నారు కాబట్టి బాబుని చూసుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ నాకే భయంగా ఉంది. కిందటిసారి వెళ్ళినప్పుడు 'అరగంటలో వస్తా' అని కిందకి దిగిన మనిషి తెల్లవారుజామున నాలుగింటికి వచ్చారు, చొక్కా అంతా సిగరెట్ వాసన. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే ఆ ఒక్క రాత్రే మూడుసార్లు క్యాష్ తీసినట్టుంది. అడిగితే 'సరదాకి ఆడాను, అందరూ ఆడేదేగా' అన్నారు. ఆ తర్వాత ఫ్రెండ్స్‌తో కూడా వెళ్ళొచ్చారు. అత్తయ్యగారేమో 'సంక్రాంతికి పేకాట ఆడని మగాడెవడమ్మా' అంటారు. వెళ్ళనంటే పెళ్ళిరోజు పాడు చేశానంటారు, వెళ్తే మళ్ళీ ఆ రాత్రే గుర్తొస్తుంది. నిజానికి నాకు హూవర్ డ్యామ్, ఆ ఎర్రకొండలు చూడాలని ఎప్పటినుంచో ఉంది. నేను అనుమానపు మనిషినా?

జవాబు: కాదమ్మా. అర్ధరాత్రి మూడుసార్లు డబ్బు తీసినట్టు కళ్ళారా చూశాక భయపడటం అనుమానం ఎందుకవుతుంది?

మీరు మామూలుగా చెప్పేసి వదిలేసిన ఒక మాట దగ్గరే నేను ఆగిపోయాను. రూమ్ ఫ్రీగా వచ్చిందన్నారు. క్యాసినోలో ఆడేవాళ్ళకి ప్లేయర్స్ కార్డ్ అని ఒకటిస్తారు. దాన్ని స్లాట్ మెషీన్‌లో పెట్టినా, టేబుల్ దగ్గర ఆట ఆడించే డీలర్‌కి ఇచ్చినా, సగటున ఒక్కో ఆటకి ఎంత పెడుతున్నారు, ఎంతసేపు కూర్చున్నారు అన్నది ఆ కార్డు మీద నమోదవుతుంది. దాన్నిబట్టి ఈ మనిషి వల్ల మనకి ఎంత మిగులుతుంది అని అంచనా కట్టి, అందులో కొంత ముక్క రూమ్‌గానో, భోజనంగానో తిరిగి ఇస్తారు, మళ్ళీ రావాలని. అయితే ఖాళీగా ఉన్న రోజుల్లో కొద్దిగా ఆడినవాళ్ళకి కూడా గదులిస్తుంటారు, కొన్ని ఫోన్ గేమ్‌ల పాయింట్లతోనూ వస్తుంటాయి, అందుకని ఫ్రీ రూమ్ అనగానే మీ వారు వేలకి వేలు పోగొట్టుకున్నారని నేననను. ఎందుకిచ్చారో మాత్రం మీరు తెలుసుకుని తీరాలి.

ఆట లెక్క కూడా ఒకసారి చూడండి, 'ఒక్కోసారి గెలుస్తాను కూడా' అని ఆయన అన్నప్పుడు మీకు పనికొస్తుంది. రూలెట్ అంటే చక్రం తిప్పి, గోళీ ఏ అంకె గడిలో పడుతుందో అని పందెం కాసే ఆట. అమెరికాలో మామూలుగా ఉండే రూలెట్ చక్రంలో 38 గళ్ళుంటాయి. అన్ని గళ్ళ మీదా ఒక్కో డాలర్ పెట్టారనుకోండి, మీరు పెట్టింది 38. ఏ అంకె పడ్డా మీ డాలర్‌తో కలిపి చేతికొచ్చేది 36. తగ్గిన ఆ రెండు డాలర్లూ క్యాసినోవి. ఒక అంకె మీద పెట్టినా, పది అంకెల మీద పెట్టినా, కాస్త ముందో వెనకో, సగటున పోయేది అదే పాళ్ళలో. ఇప్పుడు స్ట్రిప్ మీద 39 గళ్ళ చక్రాలు కూడా పెడుతున్నారు, చెల్లింపు మాత్రం పెంచలేదు. ఒక రాత్రి గెలవొచ్చు, కానీ ఎక్కువసేపు కూర్చున్న కొద్దీ ఈ లెక్కే నిజమవుతుంది. క్యాసినో హాల్లో గోడకి గడియారం, బయటికి కిటికీ సాధారణంగా ఎక్కడా కనపడవు. అరగంట అన్నది నాలుగింటి దాకా సాగిందంటే అందులో ఆ హాలు పాత్ర కూడా ఉంది.

అందుకని, వెళ్ళాలా వద్దా అన్నది తర్వాత, ముందు ఒక పని చేయండి. ప్లేయర్స్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఏడాది మొత్తం మీద ఎంత గెలిచారు, ఎంత పోగొట్టుకున్నారు అన్న విన్ లాస్ స్టేట్‌మెంట్ క్యాసినోవాళ్ళే ఇస్తారు, అడిగితే చాలు. ఇక్కడ టాక్స్ కట్టేటప్పుడు చాలామంది తీసుకుంటారు కూడా. దాన్ని ఇద్దరూ కలిసి చూడాలి. ఆయన ఫోన్ మీరొక్కరే దొంగచాటుగా తెరిచి చూడొద్దు, అలా చూస్తే అసలు సంగతి పక్కకి పోయి 'నా ఫోన్ ఎందుకు ముట్టుకున్నావు' అన్నదే గొడవవుతుంది. ఈ మాట కారులో ఎత్తొద్దు, హోటల్ గదిలో అసలే వద్దు. ఇంట్లో, అత్తయ్యగారు వాళ్ళు పడుకున్నాక, సూటిగా అడగండి: 'నాకు మీతో వెళ్ళాలనే ఉంది. కానీ ఆ రూమ్ ఎందుకిచ్చారో తెలియకుండా నేను రాలేను. ఈ రెండేళ్ళ స్టేట్‌మెంట్లు తెప్పించండి, ఇద్దరం చూద్దాం.' ఇంతే. పాత రాత్రి తవ్వకండి, ఆయన ఫ్రెండ్స్‌ని తిట్టకండి. 'నా డబ్బు నా ఇష్టం' అని గనక అంటే, అరిజోనా కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం, పెళ్ళయ్యాక ఇద్దరిలో ఎవరు సంపాదించినా సాధారణంగా అది ఇద్దరిదీ అవుతుందని నిదానంగా చెప్పండి.

చూపించారు, చిన్న మొత్తమే, మీరిద్దరూ ఒక సినిమాకో షాపింగ్‌కో పెట్టుకునేంతే అనుకోండి, ఆయన మాట నమ్మండి, ఇంక దాన్ని పట్టుకుని సాగదీయకండి. పెద్ద మొత్తమైతే మాత్రం ఆ పూటే ఏడ్చి, అరిచి తేల్చేసే సంగతి కాదది. క్రెడిట్ కార్డ్ మీద క్యాష్ అడ్వాన్స్ తీశారా అన్నది ముందు చూడండి, దానికి సాధారణంగా తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆయన పేరు మీద మీకు తెలియని అప్పులున్నాయేమో ఆయన్నే ఉచిత క్రెడిట్ రిపోర్ట్ తీయమనండి. అప్పు బయటపడితే మీ బంగారం తాకట్టు పెట్టి హడావిడిగా తీర్చేయకండి, మావయ్యగారిని అడగకండి. అలా తీర్చిపెడితే మళ్ళీ ఆడటానికి దారి తెరిచినట్టే అవుతుంది, ఇది నేను గట్టిగా చెబుతున్నాను.

అసలు చూపించనే చూపించనన్నారా, అదీ మీకొక జవాబే. అప్పుడు ఆ రూమ్‌కి వెళ్ళొద్దు.

అత్తయ్యగారి మాటకొస్తే, పండక్కి నలుగురు కూర్చుని ఆడే పేకాట నిజంగా సరదానే, కాదనను. పోయినదాన్ని రాబట్టుకోవాలని మళ్ళీ మళ్ళీ కూర్చోవడం, ఎంత పోయిందో ఇంట్లో దాచడం, చిరాకు పుడితే అటే పరిగెత్తడం, ఇవి వేరు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం జూదాన్ని తాగుడు, మత్తుమందుల పక్కనే వ్యసనాల జాబితాలోకి చేర్చింది, అంటే ఇది చికిత్స చేసే జబ్బు. మనవాళ్ళు 'పోయినచోటే వెతుక్కోవాలి' అంటారు చూడండి, జూదం దగ్గర ఆ మాట పట్టుకున్నవాళ్ళ ఇళ్ళు ఎలా అయ్యాయో నేను చాలా చూశాను. అలాంటివేవైనా ఆయనలో కనిపిస్తే ఫీనిక్స్ చుట్టుపక్కల జూదం మానాలనుకునేవాళ్ళు కలుసుకునే గ్యాంబ్లర్స్ అనానిమస్ మీటింగులు జరుగుతాయి, భార్యలకి, ఇంట్లోవాళ్ళకి గామ్-అనాన్ అని విడిగా ఉంది. అక్కడ ఇంటిపేర్లు అడగరు, కాబట్టి తెలుగువాళ్ళలో తెలిసిపోతుందన్న టెన్షన్ పెట్టుకోకండి. ఇంకొక సంగతి, అరిజోనాలో 2021 సెప్టెంబర్ నుంచి ఫోన్‌లోనే చట్టప్రకారం స్పోర్ట్స్ బెట్టింగ్ చేయొచ్చు. వేగాస్ మానేసినంత మాత్రాన ఆట ఆగిందని కాదు, ఫోన్ సంగతి కూడా అదే రాత్రి అడగండి.

ఇక మీ ప్రయాణం. స్టేట్‌మెంట్ చూసి మీ మనసు కుదుటపడితే తప్పకుండా వెళ్ళండి, కానీ ఆ ఫ్రీ రూమ్ వదిలేయండి. 'ఫ్రీగా వచ్చింది పోగొట్టుకుంటామా' అంటారు. ఫ్రీ అన్నచోట కూడా చాలాసార్లు రిసార్ట్ ఫీజు అని హోటల్ రోజుకింతని విడిగా వేసే ఛార్జీ, పార్కింగ్ కట్టాల్సి వస్తుంది, పైగా లిఫ్ట్ దిగితే క్యాసినో మధ్యలో నుంచే నడవాలి. ఫీనిక్స్ నుంచి కింగ్‌మన్ మీదుగా వెళ్ళే దారిలో వేగాస్ కంటే ముందే హూవర్ డ్యామ్ వస్తుంది, అది దాటాక బౌల్డర్ సిటీ. డ్యామ్ కట్టే కూలీల కోసం 1931లో ప్రభుత్వం కట్టించిన ఊరది, అప్పుడు జూదం వద్దన్నారు, వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం దాదాపు అంతా ఆడుతున్నా ఆ ఊళ్ళో ఇప్పటికీ లేదు. రెండు రాత్రులూ అక్కడ దిగండి. స్ట్రిప్ అక్కడికి అరగంట దూరమే, ఒక సాయంత్రం బెలాజియో హోటల్ ముందు ఫౌంటెన్లు చూసి, మంచి భోజనం చేసి వెనక్కి వచ్చేయొచ్చు.

డ్యామ్ మాత్రం హడావిడిగా చూడకండి. 726 అడుగుల ఎత్తు, 1935లో పూర్తయింది. పక్కనే 2010లో తెరిచిన పెద్ద వంతెన మీద నడిచే దారి ఉంది, అక్కడి నుంచి డ్యామ్ మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది, గాలి మాత్రం గట్టిగా కొడుతుంది, షాల్ తీసుకెళ్ళండి. డ్యామ్ వెనక నీళ్ళలో నిలబడ్డ బురుజుల మీద రెండు గడియారాలుంటాయి, ఒకటి అరిజోనా టైమ్, ఇంకొకటి నెవాడా టైమ్, మీరు వెళ్ళే నవంబర్‌లో గంట తేడా. డ్యామ్ వెనక సరస్సు, లేక్ మీడ్ ఒడ్డున పాత రైలుదారి ఉంది, డ్యామ్ సామాను మోసిన రైళ్ళ కోసం తొలిచిన ఐదు సొరంగాల్లోంచి నడవొచ్చు. ఇద్దరూ మాట్లాడుకుంటూ నడవడానికి అంతకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల నాకు తెలియదు. మీరు అడిగిన ఎర్రకొండలు వ్యాలీ ఆఫ్ ఫైర్ అనే పార్కులో ఉన్నాయి, సరస్సు ఒడ్డు రోడ్డు మీద గంట పైన పడుతుంది. నవంబర్‌లో నాలుగున్నరకల్లా పొద్దుగూకుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. వేగాస్ పక్కనే ఉన్న ఇంకో ఎర్రకొండల చోటు, రెడ్ రాక్ కాన్యన్ కూడా కలుపుకుంటే అక్టోబర్ నుంచి మే దాకా కారుకి ముందే టైమ్ బుక్ చేసుకోవాలి. గ్రాండ్ కాన్యన్ ఈ రెండు రోజుల్లో ఇరికించకండి, అది ఫీనిక్స్ నుంచి ఇంకోసారి బాబుని తీసుకుని వెళ్ళొచ్చు.

రూమ్ క్యాన్సిల్ చేయడానికి గడువు ఎప్పటిదాకానో చూసి, ఆ లోపలే ఆయనతో మాట్లాడండి. ఏం తేలిందో నాకు రాయండి, అంకె పెద్దదైనా సరే.